ఒక దేశం – పనిచేస్తున్న స్థితిలో

ప్రతి శాఖకూ ఒక ప్రయోగశాల ఉండి తీరాలన్న ఉత్తర్వు వచ్చేసరికి నేను స్టాఫ్ రూము తలుపు మూసుకుని క్యారియర్ విప్పుకుంటున్నాను. అటెండరు దస్తగిరి కాగితాన్ని తలుపు కిందినుంచి లోపలికి తోశాడు. నేను తినేటప్పుడు తలుపు తట్టకూడదని పదకొండేళ్ల క్రితం ఒకసారి చెప్పాను. అతను మర్చిపోలేదు.

"చదివి తెలుసుకున్నది జ్ఞానం కాదు, చేసి తెలుసుకున్నదే జ్ఞానం. కావున వచ్చే జూన్ నుంచి అన్ని సబ్జెక్టులలోనూ నలభై మార్కులు ప్రయోగ పరీక్షకు కేటాయించడమైనది. ప్రయోగశాల లేని శాఖలు మూసివేయబడును" అని ఉంది అందులో.

పాలవంక చిన్న ఊరు. ఒక రైల్వే గేటు, కల్యాణ మండపంగా మారిన ఒక సినిమా హాలు, ఇంకా మారని ఇంకొకటి. ఊరి బయట గుట్ట మీద మా విశ్వవిద్యాలయం. అందులో అంతర్జాతీయ సంబంధాల శాఖ అంటే నేను, ఒక ఖాళీ పోస్టు. శాఖా నేనే, శాఖాధిపతీ నేనే.

నెల తిరిగేలోపల మిగతా శాఖలన్నీ గట్టెక్కాయి. తెలుగు శాఖవారు కరుణరసాన్ని కొలవడానికి గాజు జాడీలు తెప్పించుకున్నారు. చరిత్ర శాఖవారు విరిగిన కుర్చీలన్నీ ఒక గదిలో చేర్చి చీటీలు కట్టారు. తత్వశాస్త్రం వాళ్లు ఒక ఖాళీ గదికి తాళం వేసి, పైన బోర్డు తగిలించారు. తనిఖీకి వచ్చినవాళ్లు లోపల ఏముందని అడిగితే, అదే మా ప్రశ్న కూడా అన్నారట. వెంటనే మంజూరైంది.

నేను గ్లోబు ఒకటి, పటాలు ఆరు అని రాసి పంపాను. గ్లోబు భూగోళ శాఖ సొత్తు అని తిరిగి వచ్చింది. రిజిస్ట్రారు నాగభూషణం గారు పిలిపించారు. ఆయన మామూలు మాటలు కూడా దస్త్రం మీద రాస్తున్నట్టే మాట్లాడతారు. ఇంట్లో మంచినీళ్లు కూడా అలాగే అడుగుతారని వినికిడి.

"ఆచార్యులవారూ, తమ శాఖకు మూలపదార్థమేది?"

దేశాలని చెప్పాను.

"సదరు దేశములు తమ వద్ద ఎన్ని ఉన్నవి?"

ఒకటీ లేదన్నాను.

"మరి ఆ మంగోలియా కుర్రవాడో?"

ఆ కుర్రవాడి పేరు ఎర్దెనె. ఇరవై నాలుగేళ్లు. ఏడాది క్రితం రెండు ప్రభుత్వాల ఒప్పందం మీద మా దగ్గరికి చదువుకోవడానికి వచ్చాడు. దరఖాస్తులో అయిదు పెద్ద నగరాల పేర్లు రాసి, ఆరో గడి ఖాళీగా వదలకూడదని నియమం ఉన్నందువల్ల జాబితాలో చివరనున్న పేరు రాశాడు. ఆ చివరి పేరు మేము. డిగ్రీ పట్టుకుని తిరిగి వెళితే వాళ్ల విదేశాంగ శాఖలో ఒక చిన్న ఉద్యోగం అతని కోసం ఉంచుతారు. రెండో ఏడు ఆగస్టు ఒకటి దాకా మాత్రమే ఉంచుతారు.

చలిదేశపు ఎర్రటి బుగ్గలు. మెస్సులో మొదటివారమే అతన్ని ఎర్రన్నను చేశారు. తెలుగంతా దస్తగిరి దగ్గర నేర్చుకున్నాడు. వాళ్ల దేశంలో కూడా గడప తొక్కకూడదట. హాస్టల్లో అందరూ గడప మీద నిలబడి ఫోన్లు మాట్లాడుతుంటే ఇతనొక్కడు దాటి వెళ్లడం చూసి, ఆ రోజునుంచే దస్తగిరి అతన్ని తమ్ముడి కింద జమకట్టాడు.

ఆ కుర్రవాణ్ణి శాఖ పరికరంగా చూపుతూ నాగభూషణం గారు పెట్టిన కాగితం మీద నేను సంతకం చేశాను. ఆ క్షణంలో నా మనసు ఎలా నడిచిందో తర్వాత చాలాసార్లు పరిశీలించాను. శాఖ మూతపడకూడదు, కుర్రవాడికి దీనివల్ల నష్టం లేదు, పెద్దాయనతో వాదన మర్యాద కాదు అని మూడు కారణాలు దొరికాయి. మూడూ మంచివే. మూడూ సంతకం తర్వాతే వచ్చాయి.

స్టోర్సు గుమాస్తా మద్దిలేటి స్టాకు రిజిస్టరు పట్టుకొచ్చాడు. అతను మా పక్కూరు సంగమేటి మనిషి. కళ్లద్దాల పైనుంచి చూస్తాడు. వస్తువు పేరేం రాయాలని అడిగాడు. విదేశం అన్నాను. ఎన్ని అన్నాడు. ఒకటి. తయారీ? మంగోలియా. ఇక మిగిలింది స్థితి. ఎర్దెనె అప్పుడు గడప అవతల నిలబడి ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మద్దిలేటి అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "పన్జేస్తా ఉంది" అని రాసుకున్నాడు.

ప్రతి వస్తువు మీదా తెల్ల రంగుతో నంబరు వేయాలని నియమం. మనిషి మీద వేయడానికి దస్తగిరి ఒప్పుకోలేదు. చివరికి అతని సంచి మీద వేశారు.

ఎర్దెనె రిజిస్టరు వంగి చదివాడు. "నేను దేశమా సార్?"

ప్రయోగం జరుగుతున్నంతసేపు మాత్రమే అని సర్దిచెప్పాను.

అతను ఆలోచించాడు. "మాయమ్మకు చెప్తే సంతోషపడ్తాది సార్. ఇంట్లో నాకు గొర్రెల మంద కూడా అప్పజెప్పరు."

వేసవి సెలవుల్లో కూర్చుని పది ప్రయోగాలతో నేనొక చేతిపుస్తకం రాశాను. ఒకటోది స్నేహ సంబంధాల స్థాపన. మూడోది సరిహద్దు వివాదం. పదోది యుద్ధం, అగ్నిమాపక శాఖ అనుమతి రానందువల్ల దాన్ని బొమ్మ గీసి చూపిస్తే చాలన్నాను. నాలుగో ప్రయోగం ఇలా ఉండేది:

"లక్ష్యం: ఆంక్షల ప్రభావమును కొలుచుట. పరికరాలు: విదేశం ఒకటి, ఉగ్గాని ఒక ప్లేటు, మిరపకాయ బజ్జీలు రెండు, గడియారం. పద్ధతి: ప్లేటును విదేశానికి కనబడునట్లు, అందకుండునట్లు పెట్టవలెను. విదేశం ఒప్పందానికి దిగివచ్చుటకు పట్టిన కాలమును గుర్తించవలెను. ఫలితం: నలభై అయిదు నిమిషములు."

నలభై అయిదు అనేది నేను ఊహించి వేసిన అంకె. బొరుగుల ఉగ్గాని విషయంలో మంగోలియా నాలుగు నిమిషాలకు మించి ఎప్పుడూ ఆగలేదు. సరిహద్దులు, గనులు, గుర్రాలు, ఏది అడిగినా ఇచ్చేసేది. అయినా ముప్పై ఒక్క మంది విద్యార్థుల రికార్డుల్లోనూ నలభై అయిదు నిమిషాలే ఉంది. ఒకడు మాత్రం నలభై నాలుగున్నర అని రాసి, గాలి వల్ల వచ్చిన తేడా అని కింద వివరణ ఇచ్చాడు. వాడికి ఎక్కువ మార్కులు వేశాను.

రికార్డులో ఎడమ పేజీ మీద పెన్సిలుతో పరికరం పటం గీసి, భాగాలు గుర్తించాలి. ఆడపిల్లలు బాగా గీశారు. ఎర్దెనె మెస్సు అయిపోయాక వాళ్లకోసం అరగంట కదలకుండా కూర్చునేవాడు. బుగ్గలకు రంగు పెన్సిలు వాడవచ్చా అని ఒకమ్మాయి అడిగితే, శాస్త్రీయం కాదని వద్దన్నాను.

పరికరానికి లాగ్ బుక్కు కూడా ఉండాలి. అది దస్తగిరి రాసేవాడు. అంతకు ముందు అతను రసాయన శాస్త్రంలో ఇరవై ఏళ్లు పనిచేసినవాడు కాబట్టి రాత పద్ధతిగా ఉండేది. ఎర్దెనెకు జ్వరమొచ్చిన రోజున "పరికరం వేడెక్కినది, ప్రయోగం వాయిదా" అని ఉంది. మర్నాడు "కషాయం పోయడమైనది, చల్లబడినది" అని ఉంది.

ఎర్దెనె సినిమాకు వెళ్లాలన్నా గేటు పాసు కావలసి వచ్చింది. బయటికి పోతున్న వస్తువు: విదేశం. కారణం: సినిమా. తిరిగి వచ్చునా: వచ్చును. మద్దిలేటి ఆట వదిలే వేళకు గేటు దగ్గరికి వచ్చి సరిచూసుకుని వెళ్లేవాడు. దసరా సెలవులకు పరికరాల మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలని సర్క్యులరు వస్తే, దస్తగిరి ఒక పచ్చ దుప్పటి తీసుకెళ్లి హాస్టల్లో ఇచ్చి వచ్చాడు. ఎర్దెనె దాన్ని చలికాలమంతా కప్పుకున్నాడు. మా చలి అతనికి చలే కాదు. ఇచ్చింది దస్తగిరన్న కాబట్టి కప్పుకున్నానన్నాడు.

అంతా సవ్యంగా జరిగిపోతున్నందుకు నేను లోలోపల గర్వపడుతూ కూడా ఉన్నాను. వెర్రిపనిని నీటుగా చేసేవాడికి దాని వెర్రితనం కనబడటం మానేస్తుంది. నీటు ఒక్కటే కనబడుతుంది.

రెండో ఏడు ఏప్రిల్లో హాల్ టికెట్లు వచ్చాయి. ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై రెండోది రాలేదు.

పరీక్షల విభాగంలో అడిగితే, స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువుకు హాల్ టికెట్ ఇచ్చే నిబంధన లేదన్నారు. నేను ఎర్దెనెను వెంటబెట్టుకుని నాగభూషణం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఎర్దెనెను కూర్చోమన్నారు, తర్వాత రిజిస్టరు తెప్పించుకుని చూసి, ఇబ్బందిగా లేవమన్నట్టు చూశారు.

"సదరు విద్యార్థి విద్యార్థియే అనుటలో మాకు సందేహము లేదు. అయితే సదరు వస్తువు వస్తువే అని కూడా రిజిస్టరు చెప్పుచున్నది. ఒకే అంశము రెండు దస్త్రములలో ఉండరాదు."

రిజిస్టరులోంచి కొట్టేయమన్నాను.

"కొట్టివేత అనునది దిద్దుబాటు. స్టాకు రిజిస్టరులో దిద్దుబాటు నేరము. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను కామా కూడా దిద్ది ఎరుగను."

బయటికి వచ్చాక వేపచెట్టు కింద ఎర్దెనె జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు. వాళ్ల విదేశాంగ శాఖది. ఆగస్టు ఒకటి కింద ఎర్ర గీత గీసి ఉంది.

"మీ మీద నాకు కోపం లేదు సార్" అన్నాడు. "కానీ ఆ పొద్దుకు కాగితం లేకపోతే నా కుర్చీలో వేరేవాడు కూర్చుంటాడు. మా నాయన బొగ్గు లారీ తోల్తాడు. రెండేండ్లుగా లారీ ఎక్కినోనికల్లా, నా కొడుకు దేశాలు చదవను పోయినాడని చెప్తా ఉండాడు. ఇప్పుడు పోయి, నేనే దేశమై కూర్చున్యానని ఎట్ల చెప్పేది?"

సంతకం పెట్టిన రోజున దొరికిన మూడు కారణాలూ గుర్తు తెచ్చుకున్నాను. ఒక్కటి కూడా అతనికి చెప్పదగినదిగా లేదు.

దారి చూపించింది మద్దిలేటి. వస్తువు రిజిస్టరులోకి రావడానికి ఒక్కటే తలుపు, పోవడానికి కూడా ఒక్కటే తలుపు అన్నాడు. దాని పేరు కండెమ్ చెయ్యడం. పనికిరాదని కమిటీ రాస్తే వస్తువు వస్తువు కాకుండా పోతుంది. కానీ ప్రయోగశాల పరికరానికి ఆయుష్షు ఏడేళ్లు. ఇది ఏడాదికే ఎందుకు చెడిపోయిందో కమిటీ కళ్లారా చూడాలి.

"చెడిపోయిందా లేదా అనేది చూస్తే తెలుస్తాది లే సార్. మీరు ఎక్కువ మాట్లాడాకండి" అన్నాడు.

మే మొదటివారంలో కమిటీ కూర్చుంది. నాగభూషణం గారు అధ్యక్షులు, మద్దిలేటి కార్యదర్శి, భౌతికశాస్త్రం వర్క్‌షాపు మెకానిక్కు నిపుణుడు. నిపుణుడు స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. ఎర్దెనె చుట్టూ ఒకసారి తిరిగి, దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

విదేశం అన్నాక విదేశీ ఫలితాలివ్వాలి, ఇస్తున్నదో లేదో తేల్చడమే పరీక్ష అని నాగభూషణం గారు ప్రకటించారు. సరిహద్దు వివాదమనే మూడో ప్రయోగం తీసుకున్నారు. కొత్తగా వేస్తున్న ఎక్స్‌ప్రెస్ రైలు పాలవంకలో ఆగాలా, సంగమేటిలో ఆగాలా అనే వివాదం అప్పుడు రెండు ఊళ్లలోనూ రగులుతోంది. మూడో దేశంగా దీనిమీద తమ వైఖరి తెలుపవలసిందని ఎర్దెనెను అడిగారు.

ఎర్దెనె నిటారుగా నిలబడ్డాడు. "రెండు పక్షాలూ సంయమనం పాటించి, చర్చల ద్వారా సమస్యను పరిష్కరించుకోవాలని మంగోలియా ఆకాంక్షిస్తోంది" అన్నాడు.

ఆ వాక్యం నేను నేర్పిందే. పదకొండేళ్లలో నా పాఠం ఒకరికి ఇంత బాగా పట్టుబడటం అదే మొదటిసారి. అది ఆ కుర్రవాడి మెడకు చుట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. పరికరం అమోఘంగా పనిచేస్తున్నదని నాగభూషణం గారు రాయించబోయారు.

మద్దిలేటి కలం ఆపి, అద్దాల పైనుంచి చూశాడు. "అది కాదులే గానీ, పాలవంకలో ఏముందని ఆపల్లబ్బా రైలు?"

ఎర్దెనె మెడ ఎర్రబడింది.

"ఏముందా? మా ఊర్లో యూనివర్సిటీ ఉంది. మా ఊర్లో గుట్ట ఉంది. ఉగ్గాని ఉంది, దస్తగిరన్న ఉండాడు. మీ సంగమేటిలో ఏముంది మద్దిలేటన్నా? రెండు సోడా అంగళ్లు. దాంట్లో ఒకదానికి గ్యాసు లేదు. రైలు మా ఊర్లోనే ఆగల్ల. ఆగకుంటే నేను పట్టాల మీద పండుకుంటా."

మద్దిలేటి తలెత్తకుండా రాసుకుంటున్నాడు. 'మా ఊరు' అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో నిపుణుణ్ణి అడిగి, మూడని వేసుకున్నాడు. సొంత ఊరి సోడా గురించి అంత మాట పడినవాడి ముఖంలా లేదు అతని ముఖం.

నాగభూషణం గారు గొంతు సవరించుకుని చెప్పి రాయించారు. "సదరు విదేశము వాతావరణ ప్రభావము చేత పూర్తిగా స్థానికమైపోయినందున, విదేశీ ఫలితములను ఇవ్వజాలదు. మరమ్మతుకు లొంగదు. కావున తొలగించడమైనది."

మర్నాడు ముప్పై రెండో హాల్ టికెట్ వచ్చింది. దస్తగిరి దానికి పసుపు రాసి తీసుకొచ్చి ఇచ్చాడు.

థియరీ పరీక్షలు అయిపోయాయి. మిగతా ముప్పై ఒక్క మంది ప్రయోగ పరీక్ష మార్చిలోనే, పరికరం ఇంకా పరికరంగా ఉన్నప్పుడే, పూర్తిచేసుకున్నారు. ఎర్దెనె ఒక్కడికి జూన్లో పెట్టారు. పొరుగు జిల్లా నుంచి వచ్చిన పరీక్షాధికారి ప్రయోగశాలలోకి అడుగుపెట్టగానే పరికరం ఎక్కడని అడిగారు. తొలగించామన్నాం. పరికరం లేకుండా పరీక్ష పెట్టే నిబంధన లేదని ఆయన తిరుగు ప్రయాణానికి సంచి తీసుకున్నారు.

నాగభూషణం గారు పరుగున వచ్చారు. సమస్య విన్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, "సదరు అభ్యర్థికి విదేశమనగా ఏది?" అన్నారు.

మనమే అన్నాను.

"అయినచో, మనలో ఒకటి రిజిస్టరులో చేరవలెను."

అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. మెకానిక్కుకు వర్క్‌షాపులో పని గుర్తొచ్చింది. ఎర్దెనె ఎవరివైపూ చూడలేదు. నేలమీద తన సంచి వైపు, దానిమీది తెల్ల నంబరు వైపు చూస్తున్నాడు.

నేను రిజిస్టరు నా ముందుకు లాక్కున్నాను. ఈసారి కారణం ఒక్కటే వచ్చింది. సంతకానికి ముందే వచ్చింది.

సంతకం పెట్టి మద్దిలేటి ముందుకు తోశాను. వస్తువు పేరు విదేశం, ఒకటి. తయారీ పాలవంక. స్థితి దగ్గర మద్దిలేటి ఆగిపోయి నావైపు చూశాడు. ఎర్దెనెను చూసినదానికంటే చాలా ఎక్కువసేపు చూశాడు. "పన్జేస్తా ఉందా సార్?"

తెలియదు, రాసుకో, చూద్దామన్నాను.

చీటీ తీస్తే ఒకటో ప్రయోగం వచ్చింది: స్నేహ సంబంధాల స్థాపన. గడువు మూడు గంటలు. పరీక్షాధికారి కిటికీ దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. ఎర్దెనె బల్లకు అటువైపు, నేను ఇటువైపు.

మొదటి అరగంట ఒక దేశం మాట్లాడవలసినట్టే మాట్లాడాను. వర్షపాతం చెప్పాను, జనాభా చెప్పాను. అతను పట్టికలో వేసుకున్నాడు. తర్వాత ప్రశ్నలు మానేసి, దస్తగిరి రసాయన శాఖనుంచి తెచ్చిపెట్టిన స్పిరిటు దీపం మీద పాలు, టీ ఆకు కాచి, చిటికెడు ఉప్పు వేశాడు. వాళ్ల ఊరి టీ అట. గ్లాసు రెండు చేతులతో అందించాడు. ఇక అడగవా అన్నాను.

"మా తట్టు తాగుతా ఉన్నంతసేపు ఏమీ అడగరు సార్."

మొదటి గ్లాసు కష్టంగా దిగింది. రెండో గ్లాసు దగ్గర, ఎవరూ అడగకుండానే, నేను మాట్లాడటం మొదలుపెట్టాను. స్టాఫ్ రూము తలుపు మూసుకుని ఎందుకు తింటానో చెప్పాను. ఏకాంతమంటే ఇష్టమని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. నిజానికి తలుపు తీసి పెడితే, ఎవరూ రావడం లేదని నాకు తెలిసిపోతుంది. మూసి ఉంటే, తలుపు వల్ల రావడం లేదని అనుకోవచ్చు. మనుషుల మనసుల గురించి ఇన్ని పుస్తకాలు చదివి, ఈ ఒక్క వాక్యం పైకి అనడానికి నాకు ఉప్పు టీ రెండు గ్లాసులు పట్టింది. ఎర్దెనె రాసుకోవడం ఆపేసి విన్నాడు. పేపరు వెనక పరీక్షాధికారి కూడా పేజీ తిప్పలేదు.

నలభైకి ముప్పై ఎనిమిది వేశారు. పటం గీయనందుకు రెండు తగ్గించారు.

డిగ్రీ కాగితం జూలై పద్దెనిమిదిన వచ్చింది. ఇరవైన ఎర్దెనె బయల్దేరాడు. తొలగించిన సామాను గేటు దాటాలన్నా పాసు ఉండాలి. మద్దిలేటి అన్ని గడులూ నింపాడు. 'తిరిగి వచ్చునా' దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు కలం పట్టుకుని నిలబడి, ఆ గడి ఖాళీగా వదిలేశాడు. అతని సర్వీసులో ఖాళీ గడి అదొక్కటే. దస్తగిరి పచ్చ దుప్పటి మడిచి సంచిలో పెట్టబోతే, సంచి నిండిపోయిందని ఎర్దెనె దాన్ని భుజాన వేసుకున్నాడు. మిట్ట మధ్యాహ్నం, ముప్పై ఆరు డిగ్రీల ఎండ. ఆగస్టు రెండో వారంలో ఫోటో పంపాడు. కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భుజాల చుట్టూ అదే పచ్చ దుప్పటి.

ఈ మార్చిలో స్టాకు తనిఖీ జరిగింది. మద్దిలేటి వచ్చి నా సంచి మీద నంబరు చూసుకుని, ఒకటి, సరిపోయింది అని టిక్కు పెట్టుకున్నాడు. నాకింకా నాలుగేళ్లే సర్వీసు ఉంది. పరికరానికి ఆయుష్షు ఏడేళ్లు. ఈ వ్యత్యాసం మీద నాగభూషణం గారు ఒక దస్త్రం తెరిచారు, విషయం పరిశీలనలో ఉన్నది.

ఎర్దెనె రికార్డు శాఖలోనే ఉంది. చివరి పేజీ మీద అతని గుండ్రటి తెలుగు అక్షరాలతో ఇలా ఉంది:

"ఫలితం: రెండు గంటల పది నిమిషములకు స్నేహము ఏర్పడినది. జాగ్రత్తలు: ఈ దేశం తనంతట తాను మాట్లాడదు. ప్రశ్న వేయకుండా టీ పోసి కూర్చోవలెను. తలుపు తీసి ఉంచవలెను."

ఇప్పుడు మధ్యాహ్నం క్యారియర్ విప్పేటప్పుడు స్టాఫ్ రూము తలుపు తీసే ఉంచుతున్నాను. నియమం అలా ఉంది. పరికరాన్ని జాగ్రత్తల ప్రకారం వాడకపోతే బాధ్యత శాఖాధిపతిది. శాఖాధిపతిని నేనే. నిన్న దస్తగిరి రెండు గ్లాసులతో వచ్చి, గడప దాటి, లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.